నాన్నా పులి అనే కెమెరా

పిల్లలూ! "నాన్నా పులి" కథ తెలియనివారు మీలో ఎవరూ ఉండరు. పశువులు కాసే కుర్రవాడు వేళాకోళానికి "నాన్నా, పులి!" అని కేక వేశాడు. తండ్రి చేతి పని వదిలి కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పులీ లేదు, గిలీ లేదు. మర్నాడూ అంతే. మూడోనాడు నిజంగానే పులి వచ్చింది. కుర్రవాడు గొంతు చించుకున్నాడు గాని తండ్రి కదలలేదు. తప్పు కుర్రవాడిదేనని మనమంతా తీర్పు చెప్పేస్తాం. కాని అబద్ధమాడాలనే ఉద్దేశం ఏ కోశానా లేని యంత్రం ఒకటి రాత్రికి వంద సార్లు "పులి, పులి" అని అరుస్తుంటే ఏం చేయాలి?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మా బహదూర్‌పురాలో జూపార్కు గోడకు ఎంతో దూరం లేని ఒక సందులో మా ఇల్లు. ఎదురింటి చాచాకు ఆటోల బ్యాటరీలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. షట్టరు ముందు అరుగు, అరుగుకు ఇనుప జాలీ, జాలీ లోపల మరమ్మతుకు వచ్చిన బ్యాటరీలు. కిందటి సంవత్సరం ఆయన అరుగు మీద ఒక కాపలా కెమెరా పెట్టించారు. ఎదుట ఏదైనా కదిలితే అది ఫోనుకు కబురు పంపుతుంది, ఫోను మోగుతుంది. మొదటి వారం చాచా ప్రతి మోతకూ లేచి చూశారు. "మాస్టర్‌సాబ్, రాత్రంతా చిమ్మటలను చూడడమే నా పనైపోయింది" అని నాతో వాపోయారు. రెండో వారం ఫోను నోరు నొక్కి పడుకున్నారు. వానాకాలంలో ఒకనాటి ఉదయం చూస్తే జాలీ తాళం విరిగి ఉంది. నాలుగు బ్యాటరీలు లేవు.

ఫోను తెరిచి చూశాం. ఆ ఒక్క రాత్రి 137 కబుర్లు వచ్చాయి. వాటిలో ఒకటి, రెండు గంటల నలభై నిమిషాలప్పుడు వచ్చినది, ఒక చిమ్మట బొమ్మకూ ఒక సాలీడు బొమ్మకూ నడుమ ఉంది. అందులో జాలీ దగ్గర వంగిన మనిషి స్పష్టంగా కనబడుతున్నాడు! కెమెరా తన పని తాను చేసింది. వినేవారు లేరు.

"ఇది కొనడమే దండగ" అన్నారు చాచా. నేను ఆయన దగ్గర వారం రోజులు గడువు అడిగి, మా బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లలు నలుగురిని పిలిచాను. మేం ముందుగా చేసిన పని కెమెరాను ముట్టుకోవడం కాదు. 137 బొమ్మలనూ ఒక్కొక్కటిగా చూసి నోటుపుస్తకంలో పట్టిక వేశాం. ఎగిరే పురుగులు 71, వీధిలో బండ్ల దీపాల వెలుగు 24, సాలెగూటి దారం ఊగడం 22, వేపకొమ్మ నీడ 11, పిల్లి 4, బల్లి 2, మనుషులు 3. మనుషులలో ఒకరు రాత్రి షట్టరు దించుతున్న చాచా, ఇంకొకడు తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కుర్రవాడు, మూడోవాడు మన దొంగ.

జబ్బు ఏమిటో తెలియకుండా మందు వేయకూడదు కదా! ఈ పట్టికే మాకు నాడి చూడడం.

కెమెరా చేసే తీసివేత

గళ్ళ కాగితం ఒకటి తీసుకోండి. కెమెరాలో పడే దృశ్యం కూడా అలాంటి గళ్ళ కాగితమే. ఇప్పటి మామూలు కెమెరాలో అడ్డంగా 1920 గళ్ళు, నిలువుగా 1080 గళ్ళు ఉంటాయి. గుణించి చూడండి, 20,73,600 గళ్ళు! ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ప్రతి గడిలోనూ వెలుతురును తెలిపే ఒక అంకె ఉంటుంది. కటిక చీకటి అయితే 0, మెరిసే తెలుపు అయితే 255. రంగు బొమ్మలో గడికి మూడేసి అంకెలుంటాయి గాని ప్రస్తుతానికి మనకు ఒక్కటి చాలు. కెమెరాకు చాచా తెలియదు, పిల్లి తెలియదు, దొంగ తెలియదు. దానికి తెలిసినవి ఈ అంకెలే.

కదలికను పట్టడానికి అది చేసేది చిన్న తరగతిలో మీరు నేర్చుకున్న తీసివేత. ఒక క్షణంలో తీసిన బొమ్మలో అయిదు గళ్ళు ఇలా ఉన్నాయనుకోండి: 52, 54, 53, 120, 118. మరుక్షణం బొమ్మలో అవే గళ్ళు: 52, 55, 53, 70, 118. తేడాలు వరుసగా 0, 1, 0, 50, 0. నాలుగో గడిలో ఏదో కదిలింది. రెండో గడిలోని 1 మాటేమిటి? అది లెక్కలోనిది కాదు. దూరపు స్టేషను పెట్టి రేడియో శబ్దం పెంచితే పాటతోపాటు గురగుర కూడా పెరుగుతుంది చూడండి, అలాగే చీకటిలో అందే కొద్దిపాటి వెలుతురును కెమెరా పెంచి చూపేటప్పుడు అంకెలు కారణం లేకుండానే అటూ ఇటూ ఊగుతాయి. అందుకని ఒక హద్దు పెడతారు. తేడా 10 దాటితేనే కదలిక అనీ, అలాంటి గళ్ళు ఇన్ని వేలు ఉంటేనే కబురు పంపాలనీ నియమం. కెమెరాలో "సెన్సిటివిటీ" అని కనబడే మీట ఈ హద్దునే మారుస్తుంది. సెన్సిటివిటీ పెంచితే హద్దు కిందికి దిగుతుంది.

ఇప్పుడు సూర్యుడికి మబ్బు అడ్డం వచ్చింది. అన్ని గళ్ళ అంకెలూ 15 చొప్పున పడిపోయాయి. పిట్ట కూడా కదలలేదు, అయినా ప్రతి గడిలోనూ తేడా 10 దాటింది! సాయంకాలం కూడా ఇలాంటిదే జరుగుతుంది. చీకటి పడగానే కెమెరా లోపల "టిక్" మని చిన్న చప్పుడు వినబడుతుంది. పగలు పరారుణ కిరణాలను ఆపే గాజుపలకను అది కటకం వెనుక నుంచి పక్కకు జరుపుకుంటుంది. వెంటనే బొమ్మ అంతా మారిపోతుంది. ఇలాంటప్పుడు తెలివైన కెమెరా "మనిషి వస్తే బొమ్మలో కొంత మారుతుంది గాని మొత్తం ఒక్కసారిగా మారదు" అని ఊరుకుంటుంది. చాచా కెమెరాకు ఆ తెలివి ఉంది. పట్టికలో మబ్బులు లేకపోవడం అందుకే.

చిమ్మట మనిషంత ఎలా అయింది?

పురుగుల సంగతికి వద్దాం. పట్టికలో సగానికి పైగా అవే. ఒక సెంటీమీటరు పురుగు ఎక్కడ, అయిదున్నర అడుగుల మనిషి ఎక్కడ?

సరూప త్రిభుజాలు గుర్తు తెచ్చుకోండి. కటకానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఎగిరే 1 సెంటీమీటరు పురుగు, 4 మీటర్ల దూరాన ఉన్న 20 సెంటీమీటర్ల వస్తువు ఎంత కనబడుతుందో సరిగ్గా అంతే కనబడుతుంది. ఎందుకంటే 4 మీటర్లంటే 20 సెంటీమీటర్లకు 20 రెట్లు. రెక్కలు చాపితే 5 సెంటీమీటర్లుండే చిమ్మట అయితే మీటరు వెడల్పు మనిషే! నమ్మకం కుదరకపోతే ఒక కన్ను మూసి చిటికెనవేలిని కంటికి దగ్గరగా పెట్టుకోండి. దూరపు తాటిచెట్టు దాని వెనుక దాగిపోతుంది.

వెలుతురు లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. చీకటిలో చూడడానికి కెమెరా తన ముఖం మీదున్న చిన్న దీపాలనుంచి పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. అవి మన కంటికి ఆనవు. టీవీ రిమోట్ కొనను ఫోను కెమెరా వైపు తిప్పి మీట నొక్కండి, చాలా ఫోన్లలో ఊదా చుక్క మిణుకుమంటుంది. ఒక ఫోనులో కనబడకపోతే దాని ముందు వైపు కెమెరాతో చూడండి. ఆ బాపతు కిరణాలే ఇవి. దీపం నుంచి దూరం 20 రెట్లు తగ్గితే మీద పడే కాంతి 20 ఇంటూ 20, అంటే 400 రెట్లు పెరుగుతుంది. దొంగ మీద పడే వెలుగుకు 400 రెట్లు చిమ్మట మీద పడుతుందన్నమాట. పెద్దగా కనబడేదీ అదే, ధగధగలాడేదీ అదే. కెమెరా అరవక ఏం చేస్తుంది?

ఇక్కడ మా పిల్లల్లో ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "మనకు కనబడని కిరణాలు పురుగులకు కనబడతాయా మాస్టారూ? మరి అవి కెమెరా దగ్గరికే ఎందుకు చేరుతున్నాయి?" పురుగుల కంటికి కూడా అవి కనబడవు. చూస్తే అసలు దోషి తలమీదే ఉంది. వెలుతురుంటే బొమ్మ బాగా పడుతుందని చాచా కెమెరాకు జానెడు ఎత్తున ఒక ఎల్‌ఇడి బల్బు పెట్టించారు. ఉసిళ్ళూ చిమ్మటలూ ఆ బల్బు కోసం వస్తున్నాయి. వాటిని తినడానికి సాలీడూ బల్లీ వస్తున్నాయి.

దీపపు పురుగు వెలుగు చుట్టూ ఎందుకు గిరగిర తిరుగుతుందో చాలాకాలం సరిగా తెలియలేదు. దీపాన్ని చంద్రుడనుకుని దారి తప్పుతుందని నేను చదువుకున్న పుస్తకాల్లో ఉండేది. 2024లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులూ మరికొందరూ చాలా వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో గమనించి వేరే సంగతి ప్రకటించారు. ఎగిరే పురుగుకు వెలుగున్న వైపే పైవైపని లెక్క. ఆకాశం నేల కంటే వెలుతురుగా ఉంటుంది కదా! అందుచేత వీపును వెలుగు వైపు తిప్పి ఎగురుతుంది. పక్కన బల్బు ఉంటే వీపును దాని వైపు వంచుతూ, వంచుతూ, దాని చుట్టూనే చిక్కుకుపోతుంది. వచ్చినది ప్రేమతో కాదు, బయటపడే దారి దొరక్క!

మందు ఏమిటో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. బల్బును కెమెరా తలమీదనుంచి తీసి అరుగు రెండో చివర, మూడు మీటర్ల అవతల, కెమెరా చూపుకు అందని స్తంభానికి పెట్టించాం. ఆ వెలుతురు కెమెరాకు సరిపోతుంది కాబట్టి దాని సొంత పరారుణ దీపాలు ఆర్పేశాం. పురుగులు బల్బుతోపాటు వెళ్ళిపోయాయి. వారానికొకసారి కెమెరా ముఖాన్ని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, చుట్టూ బూజు దులపడం చాచా మనవడి వంతు. సాలీడు రాకుండా నూనె రాయమని ఎవరో సలహా చెప్పారట. ఆ పని చేయకండి సుమా! కటకానికి జిడ్డు అంటితే దొంగ కూడా చిమ్మటలాగే కనబడతాడు.

నేల అబద్ధం చెప్పదు

తరువాతిది బండ్ల దీపాల వెలుగు. పెద్దరోడ్డు మీదనుంచి మా సందులోకి ఆటో తిరిగినప్పుడల్లా దాని వెలుగు చాచా షట్టరు మీద చివరినుంచి చివరికి పాకుతుంది. తీసివేత లెక్కకు అది ఏనుగంత కదలిక. కెమెరాలో "ఈ భాగంలో కదిలితేనే చెప్పు, మిగిలినది వదిలెయ్" అని బొమ్మ మీద గీత గీసే ఏర్పాటు ఉంటుంది. మామూలుగా అందరూ రోడ్డును వదిలేసి షట్టరు చుట్టూ గీస్తారు. మేమూ మొదట అలాగే గీసి బోల్తాపడ్డాం, వెలుగు పడేది షట్టరు మీదే కదా!

అప్పుడు ఒక అబ్బాయి అరుగు మీద చతికిలబడి చూసి చెప్పాడు. "మాస్టారూ, అరుగు రోడ్డు కంటే రెండు మెట్లు ఎత్తు. దీని నేల మీద బండి వెలుగు పడడం లేదు. దొంగ షట్టరును ముట్టుకోకపోవచ్చు గాని నేల మీద కాలు పెట్టక తప్పదు." భేష్! షట్టరును వదిలి, జాలీ ముందున్న నేలను మాత్రమే కెమెరాకు అప్పగించాం. కెమెరా ముఖాన్ని కిందికి వంచాం. వేపకొమ్మా, రోడ్డూ, ఎదురింటి గుమ్మమూ దాని చూపులోంచి తప్పుకున్నాయి. ఎదురిల్లు మాదే కాబట్టి నాకూ కాస్త హాయిగా అనిపించింది. కాపలా కెమెరా మన వాకిలి చూడాలి గాని పక్కవాళ్ళ వాకిలి చూడకూడదు.

ఇంకొక మీట కాలానిది. కటకం ముందునుంచి పురుగు దూసుకుపోవడానికి రెప్పపాటు చాలు. మనిషి అరుగు దాటడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఒక సెకను పాటు ఆగకుండా కదలిక ఉంటేనే కబురు పంపమని పెట్టాం.

కదలకుండా నిలబడినవాడి సంగతి కూడా చెప్పాలి. చాలా కెమెరాలు పోల్చడానికి పాత బొమ్మను అలాగే ఉంచుకోవు. పాతదానిలో 95 పాళ్ళు, కొత్తదానిలో 5 పాళ్ళు కలిపి ప్రతిసారీ వెనుకబొమ్మను సరిదిద్దుకుంటాయి. మెల్లగా జరిగే ఎండనీడలు అందులో కరిగిపోతాయి. బాగానే ఉంది. కాని వచ్చి నిలబడిన స్కూటరు కూడా కరిగిపోతుంది. 0.95ను 60 సార్లు గుణించి చూడండి, దాదాపు 0.05 వస్తుంది. సెకనుకు పది బొమ్మలైతే ఆరు సెకన్లలో స్కూటరు గోడలో భాగమైపోయిందన్నమాట! ఓపికగల దొంగ కూడా అంతే.

చిరుత వచ్చిన రాత్రి

ఇక నిజంగా పులి వచ్చిన కథ. పులి అంటే చిరుతపులి. 2024 ఏప్రిల్ చివరలో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోకి ఒక చిరుత చొరబడింది. కంచె తగిలి హెచ్చరిక మోగింది. కాపలావాళ్ళు "ఏ కుక్కో పిల్లో" అనుకుని ఊరుకోకుండా కెమెరాల్లో చూశారు, చిరుత! అటవీశాఖవారు మేకలను ఎరగా పెట్టి బోన్లు ఉంచారు, అది తిరిగే జాడ తెలియడానికి కెమెరా ట్రాపులు అమర్చారు. మే మొదటివారంలో చిరుత బోనులో పడింది. దాన్ని ముందు ఎక్కడికి తెచ్చారనుకున్నారు? మా బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కుకే. తరువాత నల్లమల అడవిలో వదిలారు.

అడవిలో పెట్టే ఈ కెమెరా ట్రాపులు రాత్రింబగళ్ళు తీసివేతలు చేస్తూ కూర్చోవు, బ్యాటరీ అయిపోతుంది. వాటికి వేడిని కనిపెట్టే వేరే కన్ను ఉంటుంది. ప్రతి వేడి వస్తువూ పరారుణ కిరణాలు వెలువరిస్తుంది. 33 డిగ్రీల సెంటీగ్రేడు మన చర్మం నుంచి వచ్చేవి ముఖ్యంగా 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి. ఎర్రని వెలుగుది 0.7 మైక్రాను మాత్రమే. ఈ కిరణాలు పడి వేడెక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాలు కొన్ని ఉన్నాయి. అలాంటి స్ఫటికపు ముక్కలు రెండింటిని ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. ఎండ పెరిగి రెండూ సమానంగా వేడెక్కితే ఒకదాని విద్యుత్తు రెండోదాన్ని కొట్టేస్తుంది, మోత లేదు. జంతువు అడ్డంగా నడిస్తే ముందు ఒకటి, తరువాత రెండోది వేడెక్కుతాయి, అప్పుడు మోత. కాబట్టి దీనికి అడ్డంగా పోయేవాడు ఇట్టే దొరుకుతాడు, తిన్నగా ఎదురొచ్చేవాడు అంత తొందరగా దొరకడు. బాటకు పక్కగా పెట్టాలి గాని బాటకు ఎదురుగా కాదు.

దీనికీ దాని పిచ్చి దానికుంది. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే వేడి జంతువనుకుంటుంది. మే నెల సాయంకాలం గోడ 34 డిగ్రీలకు కాగి ఉంటే దాని ముందు నడిచే మనిషిని గోడనుంచి వేరు చేయలేదు. కేక వేయవలసినప్పుడు నోరు మూసుకుంటుంది.

మన దేశంలో 2018 పులుల లెక్కకు 26,838 చోట్ల కెమెరా ట్రాపులు పెట్టారు. అవి తీసిన వన్యప్రాణుల ఫోటోలు 3,48,58,623. పులులున్నవి వాటిలో 76,651. అంటే పులి కావలసినవాడు సుమారు 455 బొమ్మలు తిరగేస్తే ఒకటి దొరుకుతుందన్నమాట. మనుషులు కూర్చుని విడదీయడం కష్టం కనుక ఏ బొమ్మలో ఏ జంతువుందో విడదీసే కంప్యూటరు ప్రోగ్రామును వాడారు.

"మరి మనిషి ఆకారాన్ని గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి కదా, ఇంత గొడవెందుకు?" అంటారేమో. చాచా కెమెరాలోనూ ఆ మీట ఉంది. నొక్కే ముందు పరీక్షించాం. రాత్రి పదిగంటలకు పిల్లలు వంతులవారీగా అరుగెక్కారు. నడిచారు, పరుగెత్తారు, గొడుగు వేసుకుని వచ్చారు. నడిచేవాడిని అది ప్రతిసారీ మనిషే అంది. తల మీదుగా నల్లదుప్పటి కప్పుకుని గొంతుక్కూర్చుని జరిగినవాడిని మాత్రం పదిసార్లలో నాలుగుసార్లు మనిషి కాదంది! చాచా దొంగ వంగిన తీరు గుర్తుకొచ్చి ఆ మీట జోలికి పోలేదు.

లెక్క ఎప్పుడూ రెండు వైపులా ఉంటుంది. రాత్రికి 500 చిల్లర కదలికలున్నచోట నూటికి 99ని సరిగా వదిలేసే కెమెరా పెట్టామనుకోండి. గొప్పదే. అయినా రాత్రికి 5 దొంగ కేకలు, సంవత్సరానికి 1825. అసలు దొంగ వచ్చేది సంవత్సరానికొకసారి అనుకుంటే 1826 మోతల్లో ఒక్కటే నిజం. మోతలు తగ్గించాలని హద్దు పెంచుతూ పోతే ఆ ఒక్కటే జారిపోవచ్చు. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఒకసారికి ఒక్క మీటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ దుప్పటివాడు మళ్ళీ అరుగెక్కాలి. దుప్పటివాడు దొరక్కపోతే ఎన్ని మోతలు తగ్గినా ఆ మార్పు రద్దు. సెకను నియమాన్ని రెండు సెకన్లు చేద్దామనుకుని వెనక్కి వచ్చింది ఇలాగే.

వారం చివర పట్టిక మళ్ళీ వేశాం. రాత్రికి ఆరో ఏడో. పిల్లి పేరు ఇంకా ఉంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. చాచా ఫోనుకు గొంతు తిరిగి వచ్చింది. బ్యాటరీలు మాత్రం తిరిగి రాలేదు. వాటి సొంతదార్లయిన ఆటోవాళ్ళకు చాచాయే డబ్బు కట్టుకున్నారు.

మిగిలిన మోతల్లో తెల్లవారుజామున పాలకుర్రవాడిది ఒకటి రోజూ తప్పదు. ఆ పది నిమిషాలూ కెమెరాను నిద్రపుచ్చే ఏర్పాటు కూడా ఉందని పిల్లలు చెబితే చాచా ఒప్పుకోలేదు.

"ఆ ఒక్కటి ఉండనీయండి మాస్టర్‌సాబ్" అన్నారు. "అది మోగని రోజున కెమెరా చెడిపోయిందని నాకు తెలుస్తుంది."